పురానాపూల్: ప్రేమ వంతెన కాదు, బందరు బాట

పిల్లల పరీక్షలు అయిపోయి వేపపూత రాలడం మొదలైతే చాలు, మా కార్వాన్ రోడ్డు మీద బయటి ఊళ్ల బండ్లు పెరుగుతాయి. ఉగాదికి అటూ ఇటూ రెండు మూడు వారాలు హైదరాబాద్ చూడవచ్చే కుటుంబాలన్నీ దాదాపు ఒకే దారిలో తిరుగుతాయి. పొద్దున చార్మినార్, లాడ్ బజార్, మక్కా మసీదు. మధ్యాహ్నం గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు. సాయంత్రం హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి పడవ. మర్నాడు ఫిల్మ్ సిటీ, ఆ మర్నాడు యాదగిరిగుట్ట. చార్మినార్ నుంచి గోల్కొండకు పోయే బస్సు మూసీ దాటేటప్పుడు, పక్కనున్న పాత వంతెన వైపు చెయ్యి చూపించి గైడు ఒక కథ చెబుతాడు. యువరాజు మహమ్మద్ కులీ అవతలి ఒడ్డున చిచలంలో ఉండే భాగమతి కోసం వరదలో గుర్రాన్ని దూకించాడనీ, కొడుకు ప్రాణం మీద బెంగతో తండ్రి ఇబ్రహీం ఈ వంతెన కట్టించాడనీ అంటాడు. జనం కిటికీల వైపు తిరిగేలోపు బస్సు జియాగూడ మలుపు దగ్గర ఉంటుంది.

ఈ కథ మీద నాకున్న అభ్యంతరం పాతదే. ఈ వసంతంలో మా చిన్నాన్న కూతురు బందరు నుంచి భర్తా పిల్లలతో మా ఇంటికి వచ్చింది. భోజనాల దగ్గర చిన్నమేనకోడలు ఆ కథను గైడు గొంతుతోనే అప్పజెప్పి, "మామయ్యా, ఆ వంతెన మీ ఇంటికి ఇంత దగ్గరా!" అంది. వాళ్ల ఊరి కోసం కట్టిన వంతెన గురించి వాళ్లకే తప్పు కథ చెప్పి పంపుతున్నామని అప్పుడు నిజంగా బాధేసింది. ఈ నాలుగు మాటలూ అందుకే.

ముందు లెక్క చూద్దాం. పురానాపూల్ పూర్తయింది 1578లో. దాని గురించి రాసినవాళ్లలో ఈ ఏడాది మీద పెద్ద తగవు లేదు. మహమ్మద్ కులీ పుట్టింది 1565లో అని కొందరు, 1566లో అని కొందరు. ఎలా చూసినా వంతెన పూర్తయ్యేనాటికి అతనికి పన్నెండు పదమూడేళ్లు. ఆరు వందల అడుగుల పొడవు, ముప్పై అయిదు అడుగుల వెడల్పు, 22 కమానులున్న రాతి కట్టడం ఒక ఎండాకాలంలో లేవదు. పునాది పడేనాటికి కుర్రవాడి వయసు ఇంకా తక్కువ. వరదలో గుర్రమెక్కి ప్రియురాలి కోసం వెళ్లింది ఏ వయసులో? ప్రేమ తర్వాత మొదలైందని సర్ది చెప్పేవాళ్లున్నారు. అలాగైతే అప్పటికే వంతెన ఉంది, ఈదాల్సిన పనే లేదు. కథ ఎటు తిప్పినా ఈ రెంటిలో ఏదో ఒకచోట తెగుతుంది.

పెద్ద చరిత్రకారులు ఈ కథను భాగమతి తగవులో భాగంగా చూశారు. వంతెన మరుగున పడింది అక్కడే. ప్రొఫెసర్ హరూన్ ఖాన్ షేర్వానీ భాగమతి ఉనికినే ఒప్పుకోలేదు. ఆమెకు సమాధి లేదు, గోల్కొండ దర్బారు చరిత్రల్లో పేరు లేదు, రాజు తన ప్రియురాండ్రను పేరుపేరునా తలుచుకున్న దక్కనీ కవిత్వంలోనూ ఆమె కనిపించదని ఆయన వాదన. నరేంద్ర లూథర్ అంతే గట్టిగా ఆమె పక్షాన నిలబడ్డారు. నేను వంతెన విషయంలో షేర్వానీ వైపు, భాగమతి విషయంలో లూథర్ వైపు. అక్బరు పంపిన రాయబారి ఫైజీ, చరిత్ర రాసిన ఫెరిస్తా ఇద్దరూ మహమ్మద్ కులీ బతికుండగానే ఆమె ప్రస్తావన తెచ్చారు. పక్క రాజ్యాలవాళ్లు గిట్టక పుట్టించారని దాన్ని పూర్తిగా కొట్టిపారేయడం నాకు సబబుగా తోచదు. కానీ ఆమె ఉన్నంత మాత్రాన వంతెన ఆమె కోసమైపోదు. ఈ రెండు ప్రశ్నలనూ కలిపి ముడెయ్యడం వల్ల ఒకరు భాగమతిని కాదంటే వంతెన కథ పోయింది, ఇంకొకరు అవునంటే వంతెన కథ తిరిగి వచ్చింది. వంతెన ఎందుకు కట్టారని దాన్నే విడిగా అడిగినవాళ్లు తక్కువ.

అడిగితే జవాబు దూరంలో లేదు. ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుంచి 1580 దాకా ఏలాడు. రాజు కాకముందు విజయనగరంలో ఏడేళ్లు తలదాచుకున్నవాడు. తెలుగు కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నది ఆయన్నే. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితం పుచ్చుకున్నదీ ఆయనే. హుస్సేన్ సాగర్ తవ్వించిందీ ఆయన కాలంలోనే. బుద్ధుడి దగ్గరికి పడవెక్కే కుటుంబాలకు ఆ సంగతి కూడా ఎవరూ చెప్పరు. ఆయన రోజులకే గోల్కొండ కోటలో జనం కిక్కిరిసి, నీటికి కటకట మొదలైంది. ఊరు బయటికి పెరగాలి. పెరగడానికి చోటు మూసీకి దక్షిణాన ఉంది.

దక్షిణ ఒడ్డున చోటొక్కటే కాదు, దారి కూడా ఉంది. గోల్కొండ రాజ్యానికి సముద్రం అంటే మచిలీపట్నం, అంటే బందరు. పారసీక గుర్రాలు, విదేశీ సరుకులు అక్కడ దిగాలి; కలంకారీ బట్టలు, వజ్రాలు అక్కడే ఓడెక్కాలి. గోల్కొండ, కార్వాన్ రెండూ మూసీకి ఉత్తరాన ఉన్నాయి. బందరు బాట హయత్‌నగర్ మీదుగా, అంటే మూసీకి దక్షిణాన నడుస్తుంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల నుంచి వజ్రాలు తెచ్చే దారి కూడా అటు నుంచే. వానాకాలంలో మూసీ పొంగితే రాజధానికీ రేవుకూ మధ్య బళ్లు ఒడ్డున ఆగిపోవాల్సిందే. సుంకం మీద, సరుకు మీద బతికే రాజ్యం వంతెన కట్టడానికి ఇంతకంటే కారణం కావాలా?

పదిహేడో శతాబ్దం మధ్యలో వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే ఈ దారినే నడిచాడు. మజిలీల పేర్లు చెబుతూ హయత్‌నగర్, పంతంగి మీదుగా బందరు వైపు వెళ్లాడు. సంక్రాంతికి మన కార్లు గంటల తరబడి నిలబడే టోల్‌గేటు ఉన్న పంతంగి అదే. ఈ వంతెనను ఆయన పారిస్‌లోని పోఁ నఫ్ వంతెన సరసన పెట్టి మెచ్చుకున్నాడు. పర్యాటక పుస్తకాలు ఆ ఒక్క పొగడ్తనే పట్టుకుని మిగతాది వదిలేస్తాయి. నాకు ముఖ్యమనిపించేది వాళ్లు వదిలేసిన భాగమే. నగరంలో దర్బారు మనుషులు, అధికారులు, సైనికులు ఉంటారని, వర్తకులు, దళారులు, పనివాళ్లు, సామాన్య జనం వంతెనకు ఇవతల కోసు పొడవున్న పేటలో ఉంటారని రాశాడు. వర్తకులు పొద్దెక్కాక వంతెన దాటి వెళ్లి విదేశీయులతో బేరాలు చూసుకుని, సాయంత్రానికి తిరిగివచ్చి ఇళ్లలో పడుకుంటారట. ఆ పేట పేరు ఆయన వేరేగా రాశాడు. కానీ వంతెనకు ఇవతల, గోల్కొండ దారిలో, బేహారులు కాపురమున్న చోటు మా కార్వాన్ సాహు తప్ప ఇంకేది? ఈ వంతెన మీద రోజూ నడిచింది వజ్రాల మూటలు నడుముకు కట్టుకున్న మా పేట దళారులు. యువరాజు కూడా ఎప్పుడైనా నడిచాడేమో, కాదనను.

చార్మినార్ 1591లో లేచింది. వంతెన దానికంటే పదమూడేళ్లు పెద్దది. నగరం పుట్టాక వంతెన కట్టలేదు, వంతెన ఉంది కాబట్టి నగరం అక్కడ పుట్టింది. హైదరాబాద్ వయసు చార్మినార్ నుంచి లెక్కపెట్టేవాళ్లు గుమ్మాన్ని వదిలేసి ఇంటిని కొలుస్తున్నారు.

మర్నాడు పొద్దున మా బావగారిని, చెల్లెల్ని, పిల్లల్ని నడిపించుకుంటూ వంతెన దగ్గరికి తీసుకెళ్లాను. పెద్ద బండ్లు పక్క వంతెన మీదికి మళ్లాక పాతదాని మీద కూరగాయల బజారు వెలిసింది. తోపుడు బండ్ల మధ్య నడవడానికి సన్నని సందే మిగిలింది. ఒక పక్క మునక్కాయల కట్టలు, ఇంకో పక్క గోనెపట్టా మీద చింతచిగురు కుప్ప, మధ్యలో తడి నేల. మా చెల్లెలు చింతచిగురు బేరమాడుతుంటే బావగారు పిట్టగోడ మీంచి కిందికి వంగి చూశారు. ఎండాకాలం మూసీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నల్లటి నీళ్లు, ముక్కులు పగిలే కంపు. ఆ నీళ్లలోంచి లేచిన రాతి కాళ్లు మాత్రం వరసగా, సమానమైన ఎడంతో నిలబడి ఉన్నాయి. రాళ్ల సందుల్లో గచ్చు కొన్నిచోట్ల ఊడిపోయి రావి మొక్కలు మొలిచాయి. ఒక మొక్క వేరు బొటనవేలంత లావెక్కి రెండు రాళ్లను విడదీస్తోంది. "ఇది పీకెయ్యరా మామయ్యా?" అని పెద్దమేనకోడలు అడిగింది. పైన చిగురు తుంచితే వేరు లోపలే ఉండి మళ్లీ లేస్తుందని, తెలిసిన మేస్త్రీతో వేరుతో సహా తీయించి సున్నం నింపాలని చెప్పాను. ఆ పని ఏళ్ల తరబడి జరగలేదని కూడా చెప్పాను.

ఈ రాళ్లు చూసిన వరదలు తక్కువేం కాదు. ఒక వరదకు దెబ్బతింటే 1820లో సికిందర్ జా కాలంలో బాగుచేశారు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు పదిహేను వేల దాకా జనం పోయారని చెబుతారు. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు ఆ నీటికి లొంగిపోయాయి. పాతవంతెన నిలబడింది. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించడం, 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్ కట్టడం. మూడు వందల ముప్పై ఏళ్ల వయసులో కొత్తవాటిని మించి నిలిచిన కట్టడం గురించి చెప్పుకోవడానికి ప్రేమకథ అప్పు తెచ్చుకోవాలా?

ఇంకొక సంగతి. అవతలి ఒడ్డు వాళ్లకు వంతెన చివరి దర్వాజా మీద, నగర ప్రాకారం మీద ఎంత అభిమానమో నాకు తెలుసు. అసఫ్‌జాహీల కాలంలో ముగిసిన ఆ ప్రాకారానికున్న గుమ్మాల్లో మిగిలినవి రెండే. అందులో ఒకటి పురానాపూల్ దర్వాజా. వంతెనను ఆ దర్వాజాకు తోకలా చూపించే వ్యాసాలు మాత్రం తిరగబడి రాసినవే. దర్వాజా వంతెన కంటే నూట యాభై ఏళ్లకు పైగా చిన్నది. ఇవతలి ఒడ్డున ఏముందో చూడండి. తానాషా రోజుల్లో మియాఁ మిష్క్ కట్టించిన మసీదు, దాన్ని ఆనుకుని బాటసారుల సరాయి. కాస్త ముందుకొస్తే మా టోలీ మసీదు, 1671లో మూసా ఖాన్ కట్టించింది. మక్కా మసీదు పనిలో రూపాయికి ఒక దమ్మిడీ చొప్పున తన వాటా దాచి ఆ డబ్బుతో కట్టాడని మా పేటలో చెప్పుకుంటారు. దమ్మిడీ మసీదని ఇంకో పేరు కూడా ఉంది. ఈ కథను నేను నమ్ముతాను. కాలం సరిపోతుంది, అప్పటికి మక్కా మసీదు పని సాగుతూనే ఉంది. టోలీ మసీదు ముఖభాగం మీది సున్నపు పనిలో తామరలు, తీగలు చూసి మా చిన్నమేనకోడలు గోల్కొండలో కూడా తీయనన్ని ఫొటోలు తీసింది. సరాయిలు, బజార్లు, మసీదులు అన్నీ ఒక బాట వెంట పేర్చినట్టు ఉన్నాయంటే ఆ బాట ఎవరికోసమో తెలియడం లేదా!

వసంతంలో పిల్లలతో వచ్చే వాళ్లకు నాదొక సలహా. ఫిల్మ్ సిటీకి ఇచ్చే రోజు ఫిల్మ్ సిటీకి ఇవ్వండి. ఇంకొక రోజు మూసీకి ఇవ్వండి. పొద్దున్నే వికారాబాద్ దగ్గర అనంతగిరికి వెళ్లండి. ఈ నెలల్లో దారి పొడుగునా మోదుగులు ఎర్రగా పూసి ఉంటాయి. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. పద్మనాభస్వామి దర్శనం చేసుకుని వస్తూ చిలుకూరులో ఆగి, గండిపేట కట్ట మీద నిలబడండి. అక్కడి నీళ్లు కంటికి ఇంపుగా ఉంటాయి. ఎండ తగ్గాక లంగర్ హౌజ్ మీదుగా కార్వాన్‌కి రండి, టోలీ మసీదు చూసి పురానాపూల్ మీద నడవండి. ఒకే నది పొద్దున ఎలా ఉందో, సాయంత్రం మన చేతుల్లో ఏమైందో పిల్లలు తమంతట తామే గమనిస్తారు.

మా చెల్లెలి కుటుంబం వెళ్లేరోజు బావగారు కారెక్కుతూ, హయత్‌నగర్ దాటాక పాత బాట ఎక్కడైనా కనబడుతుందా అని అడిగారు. ఇప్పటి జాతీయ రహదారి కూడా పంతంగి మీదుగా బందరు దాకా పోతుంది, చాలామేర అదే దిశ. ఆ మాట రాసిన ఒక ఫలకం వంతెనకు రెండు కొసలా పెట్టించాలని మా పేట పెద్దలతో కలిసి అడగబోతున్నాం. ఇబ్రహీం కుతుబ్‌షా పేరు, 1578, మచిలీపట్నం బాట, ఈ మూడూ తెలుగులో, ఉర్దూలో ఉంటే చాలు. భాగమతి పేరు కూడా చేర్చాలనేవాళ్లు ముందు 1565 నుంచి 1578 దాకా లెక్కేసి మాకు చూపించాలి.