చేతిలో దురద, మెడలో మూలం

సంస్కృతంలో కండూతి అంటే దురద. మన కవిపండితులు ఆ మాటను కీర్తికాంక్షకు అంటగట్టి, అసలు బాధను మరుగుపరిచారు. తెలుగులో దురద, తీట, నవ, జిల అని ఇన్ని పేర్లున్న బాధ అల్పమైనది కాదు. చరకుడు సైతం కండూఘ్నములని పది ఔషధాలను ఒక వర్గంగా కూర్చాడు.

నేను చెప్పబోయే దురదకు దద్దు ఉండదు, పొక్కు ఉండదు. మోచేతికి పైనా కిందా, వెలుపలి పక్కన నిప్పు రాజుకున్నట్లుంటుంది. తుర్కయాంజాల్‌లో నేను రెండేళ్లుగా దీనిని అనుభవిస్తున్నాను. అలెర్జీ మాత్రలు నిద్రను తెచ్చాయి గాని, దురదను తీసికొనిపోలేదు. గోకుకొనే వృద్ధుణ్ణి చూసి గజ్జి అనుకొని జనం జరిగి కూర్చుంటారు. నిజానికి ఇది అంటువ్యాధి కాదు.

1968లో అమెరికాలోని ఫ్లోరిడాలో వైస్మన్ అనే వైద్యుడు దీనిని వర్ణించి, ఎండ కారణమన్నాడు. 1983లో దక్షిణాఫ్రికా వైద్యుడు హేల్ మెడ నుండి వచ్చే నరాలను అనుమానించాడు. 2003 నాటి పరిశీలన ఆ అనుమానానికి బలమిచ్చింది. మెడ ఎముకల అరుగుదలతో నరాల మొదళ్లు నలిగితే, చేతిలో దురద పుట్టవచ్చు. ఎండ దానిని రెచ్చగొడుతుంది.

మాత్రలు ఎందుకు పనిచేయవో తెలియడానికి మన దూలగొండి తోడ్పడింది. దాని నూగులో దురద పుట్టించే పదార్థాన్ని 1955లో షెల్లీ, ఆర్థర్ అనేవారు గుర్తించారు. దూలగొండి దురద, హిస్టమిన్ దురద వేర్వేరు నరాల దారుల్లో నడుస్తాయని 2007, 2008 నాటి ప్రయోగాలు చూపాయి. అలెర్జీ మాత్రలు అడ్డుకొనేది హిస్టమిన్‌ను మాత్రమే.

గుర్తుపట్టే ఉపాయం ఒకటుంది. మంచుగడ్డను గుడ్డలో చుట్టి పెడితే దురద అణగి, తీయగానే మళ్లీ మొదలవుతుంది. 2005లో వైద్యులు దీనిని ఒక లక్షణంగా పేర్కొన్నారు. ఎండలో పొడుగు చేతుల చొక్కా మేలు. గాబాపెంటిన్ వంటి నరాల మందులు, మిరపలోని కాప్సైసిన్ కలిపిన లేపనం వైద్యుని సలహాపైనే వాడాలి. వంటింటి కారం పూయరాదు. ఒళ్లంతా దురద ఉన్నా, చేతిలో పట్టు తగ్గినా, తిమ్మిరెక్కినా జాగు చేయవద్దు.

ఇట్టి బాధ గల పాఠకులు, చర్మం చూపించిన వైద్యునితో మెడ సంగతి కూడ ప్రస్తావించవలసిందిగా మనవి.