ఆరో తరగతి పరీక్ష, ఇంటి భాష

డుంబ్రిగుడ మండలంలో బిడ్డ ఐదో తరగతికి రాగానే ఇంట్లో ఒక ప్రశ్న మొదలవుతుంది: ప్రవేశ పరీక్ష రాయించి గురుకులానికి పంపాలా, దగ్గరి బడిలోనే చదివించాలా?

ఈ ప్రశ్న వెనుక చరిత్ర ఉంది. 1986 జాతీయ విద్యా విధానం చురుకైన గ్రామీణ పిల్లల కోసం నవోదయ విద్యాలయాలను ముందుకు తెచ్చింది. 1997-98లో కేంద్రం గిరిజన పిల్లలకు ఏకలవ్య పాఠశాలలు మొదలుపెట్టింది. నేడు రెండింటిలోనూ ఆరో తరగతిలో చేరాలంటే పరీక్ష రాయాలి.

ఆ పరీక్ష తెలుగులో రాయవచ్చు. కానీ మన పిల్లలు చాలామంది ఇంట్లో మాట్లాడేది కువి లేదా ఆదివాసీ ఒడియా. లెక్క తెలిసినా ప్రశ్న అర్థంకాక ఆగిపోతారు. ఈ ఇబ్బందిని గుర్తించే ఉమ్మడి రాష్ట్రంలో 2004లో 8 గిరిజన భాషల్లో చిన్న తరగతుల బోధన ప్రారంభించారు. కువి, ఆదివాసీ ఒడియా కూడా అందులో ఉన్నాయి.

కాబట్టి మార్కులు చూసి 'వీడికి చదువు రాదు' అనకూడదు. టీచర్లుగా మనం అదే లెక్కను ముందు ఇంటి భాషలో, తర్వాత తెలుగులో అడగాలి. మొదటిసారి చెప్పి, రెండోసారి చెప్పలేకపోతే లోటు తెలివిలో లేదు. ఆ బిడ్డకు మూడో తరగతి నుంచే తెలుగు చదివించాలి. ఊళ్లో చదువుకున్న యువత సాయంత్రాలు తోడు రావాలి. చివరిగా బిడ్డనూ అడగాలి. పదేళ్లకే ఇల్లు వదిలి హాస్టల్లో ఉండాల్సింది వాళ్లే కదా.