కోకా సుబ్బారావుగారు: భిన్నాభిప్రాయపు విలువ

పొలముగట్టు తగాదా అయినను, అన్నదమ్ముల పాలుపంపకమైనను, క్రింది కోర్టులో ఓడినవాడు “పై కోర్టున్నది గదా” అని ధైర్యము తెచ్చుకొనుట మన డెంకణికోట, హోసూరు సీమలలో అందరెరిగినదే. మనకు ఆ పై కోర్టు మద్రాసు హైకోర్టు. దానికిని పైన ఢిల్లీలో సుప్రీంకోర్టు గలదు. 1937లో ఏర్పడిన ఫెడరల్ కోర్టు స్థానమున 1950 జనవరిలో వెలసిన ఆ న్యాయపీఠమునకు ప్రధాన న్యాయమూర్తియైన తొలి తెలుగువారు శ్రీ కోకా సుబ్బారావుగారు.

వీరు 1902 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించిరి. మద్రాసులో న్యాయశాస్త్రము చదివి, అచ్చటనే వకీలుగా పేరు గడించిరి. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ప్రసిద్ధులైన పి. వి. రాజమన్నారుగారు వీరి బావమరిది. 1948లో సుబ్బారావుగారు కూడ ఆ హైకోర్టున న్యాయమూర్తి అయిరి. అప్పుడు డెంకణికోట సేలం జిల్లాలోనిది. కనుక మన ప్రాంతపు అప్పీళ్ళు చేరినదియు వారు కూర్చున్న కోర్టుకే.

1953లో ఆంధ్రరాష్ట్రమేర్పడినది, మన సీమ మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. మరుసటి యేడు గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలయగా సుబ్బారావుగారు దానికి ప్రధాన న్యాయమూర్తియైరి. 1956లో ఆ పీఠము హైదరాబాదు చేరినది. 1958 జనవరి 31న వారు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ప్రమాణము చేసిరి.

అచ్చట వారికి కీర్తి తెచ్చినవి గెలిచిన తీర్పులు మాత్రమే కావు. ఉత్తరప్రదేశములో ఖరక్ సింగ్ అను నతనిని ఒక దోపిడి కేసులో పట్టుకొని, సాక్ష్యము లేక విడిచిరి. అయినను పోలీసులు అతని పేర హిస్టరీషీటు తెరచి, అర్ధరాత్రి తలుపు తట్టి, రాకపోకలపై కన్ను వేసియుంచిరి. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. రాత్రివేళ ఇంటికి వచ్చుట తప్పని అందరు నంగీకరించిరి. తక్కిన నిఘా చెల్లుననియు, ఏకాంతము రాజ్యాంగమిచ్చిన హక్కు కాదనియు నలుగురనిరి. సుబ్బారావుగారు మాత్రము షా గారితో కలిసి భిన్నాభిప్రాయము వ్రాసిరి. వెన్నంటి కన్నులున్నచో కాళ్ళకు సంకెల లేకున్నను మనిషి స్వతంత్రుడు కాడని వారి భావము. ఆ నాడు ఆ మాట ఓడినది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామిగారి కేసులో ఏకగ్రీవముగా ఏకాంతము ప్రాథమిక హక్కేయని, ఖరక్ సింగ్ తీర్పులోని ఆ భాగమును త్రోసిపుచ్చిరి. ఓడిన మాట గెలుచుటకు దాదాపు 55 సంవత్సరములు పట్టినది.

1966 జూన్ 30న వారు ప్రధాన న్యాయమూర్తియైరి. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో ఆరుగురు ఒక వైపు, అయిదుగురు ఒక వైపు నిలువగా, ప్రాథమిక హక్కులను తగ్గించుటకు పార్లమెంటుకు అధికారము లేదని తీర్పు వెలువడినది. భూసంస్కరణలకిది అడ్డమని పలువురు విమర్శించిరి. 1973లో కేశవానంద భారతి కేసు ఆ తీర్పును మార్చినది. కాని రాజ్యాంగపు మూలస్వరూపమును చెరుపరాదని ఒక హద్దు గీచినది.

విదేశములలో బిడ్డలున్నవారు గుర్తుంచుకొనదగిన తీర్పు మరియొకటి గలదు. ఆనాడు పాస్‌పోర్టు ఇచ్చుట, ఇవ్వకుండుట సర్కారువారి ఇష్టము. దానికొక చట్టమే లేదు. 1967 ఏప్రిల్ 10న సత్వంత్ సింగ్ కేసులో, విదేశయానము వ్యక్తిస్వేచ్ఛలో భాగమనియు, చట్టము లేక దానిని కాదనరాదనియు సుబ్బారావుగారు మరి యిద్దరితో కలిసి తీర్పిచ్చిరి. ఇద్దరు విభేదించిరి. ఆ యేడే పాస్‌పోర్టుల చట్టము వచ్చినది.

మరునాడే, ఏప్రిల్ 11న, వారు పదవి విడిచి, ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీ చేసిరి. న్యాయపీఠము నుండి నేరుగా ఎన్నికలలోనికి దిగుట తగదన్న విమర్శ అప్పుడు బలముగనే వచ్చినది. జాకీర్ హుస్సేన్‌గారికి 4,71,244 ఓట్లు, వీరికి 3,63,971 ఓట్లు వచ్చినవి. 1976 మే 6న వారు కీర్తిశేషులైరి.

సొంత రాష్ట్రమునకు వెలుపల, లెక్కకు కొద్దిమందిగా బ్రతుకుచున్న మనకు వారి జీవితమొక ధైర్యము. చేతులెత్తి లెక్కించినపుడు ఓడిన మాట సత్యము కాకపోదు. దానిని కారణములతో, మర్యాదతో, వ్రాతపూర్వకముగ నిలిపి యుంచవలెను. ఈ యుగాదినాడు పంచాంగ శ్రవణమైన తరువాత మన పిల్లలకీ కథ కూడ వినిపింతము గాక!