ప్రభలు తిరిగి వెళ్ళే త్రోవ: కోనసీమ ఏకాదశ రుద్రాలయాలు

కనుమ నాడు కాకి కూడా కదలదని సామెత. ఆ దినం ప్రయాణం కూడదని పెద్దల మాట. కాని కోనసీమలో సరిగ్గా ఆనాడే పదకొండు గ్రామాల పరమేశ్వరులు ఆలయాలు విడిచి, భక్తుల భుజాలపై అధిరోహించి, అమలాపురానికి చేరువనున్న అంబాజీపేట మండలం మొసలపల్లి శివారు జగ్గన్నతోటకు వేంచేస్తారు. అదే ప్రభల తీర్థం. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథంలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఊరేగినది ఈ ఉత్సవమే.

సంక్రాంతికి నగరాలనుండి వచ్చే ఆస్తికులు అంతర్వేది, అయినవిల్లి, అప్పనపల్లి, ర్యాలి క్షేత్రాలను సేవించుకొని, కనుమ సాయంకాలం ప్రభలను దర్శించి, మరునాడు తిరుగుప్రయాణమవుతారు. అది మంచిదే. అయితే ఆ తోటలో ఒక విశేషం ఉన్నది. అక్కడ ఆలయం లేదు. ధ్వజస్తంభం లేదు. ఉన్నది కొబ్బరితోట మాత్రమే. స్వాములు వస్తారు, కొన్ని గడియలు కొలువుంటారు, వెళ్ళిపోతారు. మరి మిగిలిన సంవత్సరమంతా వారెక్కడ ఉంటారు? ఈ ప్రశ్న వేసుకొన్నవాడికే కోనసీమలోని అల్పప్రసిద్ధ క్షేత్రాల ద్వారం తెరుచుకొంటుంది.

ఆ పదకొండు స్థానాలు ఇవి: వ్యాఘ్రేశ్వరంలో వ్యాఘ్రేశ్వరుడు, పుల్లేటికుర్రులో అభినవ వ్యాఘ్రేశ్వరుడు, మొసలపల్లిలో మధుమానంత భోగేశ్వరుడు, ఇరుసుమండలో ఆనందరామేశ్వరుడు, వక్కలంకలో విశ్వేశ్వరుడు, పెదపూడిలో మేనకేశ్వరుడు, ముక్కామలలో రాఘవేశ్వరుడు, నేదునూరు, పాలగుమ్మి, గంగలకుర్రు గ్రామాలు మూడింటా చెన్నమల్లేశ్వరుడు, గంగలకుర్రు అగ్రహారంలో వీరేశ్వరుడు.

ఈ జాబితా చదువుతుంటే అనేకులకు తమ ఇంటిపేరో, బంధువుల ఇంటిపేరో వినబడి ఉంటుంది. పాలగుమ్మివారు, వక్కలంకవారు, నేదునూరివారు, ముక్కామలవారు నేడు దేశదేశాల్లో ఉన్నారు. 1952లో ‘గాలివాన’ కథతో అంతర్జాతీయ బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజుగారి ఇంటిపేరు, సంగీత విద్వాంసులు నేదునూరి కృష్ణమూర్తిగారి ఇంటిపేరు తెలియని తెలుగువారు అరుదు. ఇంటిపేరును నిత్యం సంతకంలో మోసే మనలో, ఆ పేరుగల ఊరి శివాలయంలో ఒక్కసారి ప్రదక్షిణం చేసినవారు ఎందరు?

శాసనం చదవలేనివారికి కూడా దేవతానామాలు చరిత్రను బోధిస్తాయి. ‘చెన్న’ అనగా సుందరమైన. మల్లేశ్వరుడు మల్లికార్జునుడే. ఈ నదీలంకల నడుమ మూడు గ్రామాలు ఒకే నామంతో స్వామిని కొలవడంలో శ్రీశైల శైవసంప్రదాయపు పరిమళం స్ఫురిస్తుంది. రామేశ్వర, రాఘవేశ్వర నామాలలో హరిహరుల అభేదం ధ్వనిస్తుంది. ‘అభినవ’ శబ్దం వ్యాఘ్రేశ్వరుని మహిమ పొరుగు గ్రామానికి వ్యాపించిన తీరును సూచిస్తుంది. పదకొండు నామాలలో పలు భక్తిస్రోతస్సులు ఇమిడి ఉన్నాయి. అయినా తీర్థంలో ఎవరు అధికులన్న వివాదం లేదు. దానికి మర్యాద ఉన్నది. మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథ్యమిచ్చే గృహస్థు. కనుక ఆయన ముందుగా తోటకు చేరి, అందరినీ సాగనంపి చివర కదులుతాడు. వ్యాఘ్రేశ్వరుడు సభకు అధ్యక్షుడు. ఆయన ప్రభ తోటలో ప్రవేశించగానే తక్కిన ప్రభలను ఒక్కమారు పైకెత్తి గౌరవిస్తారు.

ప్రభ అనగా వెదురుబద్దలను అర్ధచంద్రాకారంగా వంచి, రంగుల వస్త్రాలతో, వరికంకులతో, నెమలి పింఛాలతో, గంటలతో అలంకరించిన స్వామి పీఠం. దానిని వాహనంపై ఎక్కించరు. శరభ నినాదం చేస్తూ గ్రామస్థులు భుజాలపైనే మోస్తారు. త్రోవలో దాళ్వా చేలు వస్తే చేలలోనే నడుస్తారు. పైరు నలిగినదని రైతు బాధపడడు. స్వామి పాదం సోకినదని సంతోషిస్తాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశికను దాటవలసి ఉంటుంది. మోసేవారు నిండునీటిలో దిగి, ప్రభ ఒరగకుండా ఆవలి ఒడ్డుకు చేరుస్తారు.

ఇక్కడ క్షణకాలం ఆగి ఆలోచించాలి. గోదావరి సప్తశాఖలు సప్తర్షుల పేర పిలువబడతాయి. వాటిలో కౌశిక విశ్వామిత్ర మహర్షిది. 1847లో ఆరంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తరువాత ఈ సీమ జలమార్గాల స్వరూపమే మారింది. పంటకాలువలు వచ్చాయి, భూమి సస్యశ్యామలమైంది. గౌతమీ వాసిష్ఠులను అందరూ ఎరుగుదురు. కౌశిక పేరు బయటివారికి అపరిచితం. కాని ఏటేటా రెండు ప్రభలు ఆ నీటిని దాటుతున్నందున ఆ పేరు ఇక్కడి ప్రజల నాలుకపై సజీవంగా ఉన్నది.

తైత్తిరీయ సంహితలోని నమకానికి పదకొండు అనువాకాలు. ఏకాదశ రుద్రాభిషేకానికి దానిని పదకొండు పర్యాయాలు పఠిస్తాము. అందులో ఋషి రుద్రుని కేవలం కైలాసంలో చూడలేదు. కాలిబాటలో, నదిలో, చెరువులో, బావిలో, సారవంతమైన పొలంలో, ధాన్యపు కళ్ళంలో ఉన్న రుద్రునికి నమస్కరించాడు. ప్రభ నడిచే దారిని చూడండి. బాట, చేను, కళ్ళం, నీరు. ఆ మంత్రార్థమే కాళ్ళు ధరించి నడుస్తున్నట్లు ఉంటుంది.

బృహదారణ్యకోపనిషత్తులో శాకల్యుడు రుద్రులెవరని ప్రశ్నించగా, యాజ్ఞవల్క్యుడు పురుషునిలోని పది ప్రాణాలు, పదకొండవదిగా ఆత్మ అని వివరించాడు. దేహాన్ని విడిచినపుడు ఆప్తులను రోదింపజేస్తారు కనుక వారు రుద్రులు. గ్రామం కూడా ఒక దేహమే. దాని ప్రాణం నిత్యదీపంలో, ప్రాతఃకాల ఘంటానాదంలో, ప్రదోషకాలాన మెట్లపై కూర్చొనే నలుగురు వృద్ధుల సంభాషణలో ఉన్నది. యువకులు చదువులకై, ఉద్యోగాలకై నగరాలకు తరలిపోయారు. కనుమకు వచ్చి భుజం పట్టేవారు నేటికీ ఉన్నారు. సామాన్య సోమవారం నాడు గర్భాలయం ముందు నిలిచేవారే తగ్గుతున్నారు. ఒక్కనాటి వైభవానికి మూడువందల అరవైనాలుగు నాళ్ళ నిశ్శబ్ద నిత్యారాధనయే పునాది. పునాది సడలితే ప్రభ అలంకారంగా మిగులుతుంది, ఆరాధన కాజాలదు.

అందుచేత ఆస్తికులకు నా మనవి. కార్తికంలోనో, మాఘంలోనో ఒకటి రెండు దినాలు కేటాయించుకొని, వ్యాఘ్రేశ్వరంతో ఆరంభించి ఈ పదకొండు ఆలయాలను సేవించండి. కాలువగట్ల వెంట నెమ్మదిగా సాగండి. గొప్ప గోపురాలను, దీర్ఘమైన వరుసలను ఆశించవద్దు. అర్చకుని గోత్రనామాలతో సంకల్పం చేయించమని కోరండి. ఒక బిల్వదళం సమర్పించండి. చమురుకు కొంత ద్రవ్యం ఇవ్వండి. పిల్లలకు ఊరి పేరు, స్వామి పేరు చెప్పించండి. వీలైతే కనుమ నాడు తోటవద్దనే ఆగిపోక, ఏదో ఒక ప్రభ వెంట దాని గ్రామం వరకు నడవండి. రుద్రుడు తిరిగి ఆలయప్రవేశం చేసే వేళ జనసమ్మర్దం ఉండదు. ఆ వేళ దర్శనమే తీర్థానికి పరిపూర్ణ ఫలం.

స్వస్తి.