ప్లిమత్-బంజుల్ ఛాలెంజ్

ప్లిమత్-బంజుల్ ఛాలెంజ్ అనేది ఇంగ్లాండు నైరుతి తీరంలోని ప్లిమత్ నగరం నుండి పశ్చిమ ఆఫ్రికా దేశమైన గాంబియా రాజధాని బంజుల్ వరకు సాగిన ఔత్సాహిక మోటారు ర్యాలీ. దీనిని మొదట ప్లిమత్-డకార్ ఛాలెంజ్ అని పిలిచేవారు. ఇది వేగపు పోటీ కాదు. ఇందులో విజేతలు, బహుమతులు ఉండేవి కావు. చవకగా కొన్న పాత కారును సహారా ఎడారి గుండా సుమారు 6,000 కిలోమీటర్లు నడిపి, గమ్యస్థానంలో దానిని స్థానిక సేవాసంస్థల సహాయార్థం వేలానికి అప్పగించడం దీని ఉద్దేశ్యం. నిర్వాహకుల తరఫున సహాయక వాహనాలు గాని, వైద్యులు గాని, రక్షణ సిబ్బంది గాని వెంట ఉండరు. కనుక కారును సిద్ధం చేయడం, పత్రాలు సంపాదించడం, దారిలోని ప్రమాదాలను అంచనా వేయడం, అవసరమైతే వెనుదిరగడం అన్నీ యాత్రికుల బాధ్యతే అయ్యేవి.

చరిత్ర

ఈ యాత్రను 2002లో జూలియన్ నోవిల్ అనే ఆంగ్లేయుడు ప్రారంభించాడు. అప్పటికి పారిస్-డకార్ ర్యాలీ ప్రపంచ ప్రసిద్ధి పొంది ఉన్నది. ఫ్రాన్సు దేశస్థుడు థియెరీ సబీన్ స్థాపించిన ఆ ర్యాలీ 1978 డిసెంబరు 26న మొదటిసారి పారిస్ నుండి బయలుదేరింది. కాలక్రమంలో అది పెద్ద కంపెనీల జట్లు, హెలికాప్టర్లు, భారీ ఖర్చుతో కూడిన పోటీగా మారింది. దానిపై ఒక విధమైన వ్యంగ్యంగా ప్లిమత్ యాత్ర పుట్టింది. కారు ధర 100 పౌండ్లకు, దానిని సిద్ధం చేయడానికయ్యే ఖర్చు 15 పౌండ్లకు మించరాదని తొలి నియమం. ఈ నియమాన్ని అక్షరాలా పాటించడం కంటే దాని స్ఫూర్తిని పాటించడమే ముఖ్యంగా భావించేవారు.

పాత కార్ల దిగుమతిపై సెనెగల్ దేశంలో కఠిన ఆంక్షలు ఉండడం వలన వాటిని డకార్‌లో అమ్మడం సాధ్యపడలేదు. అందువలన యాత్ర ముగింపు గాంబియాకు మారింది.

మార్గము

వాహనాలు ఫ్రాన్సు, స్పెయిన్ దేశాలు దాటి, జిబ్రాల్టర్ జలసంధిని ఓడపై దాటి మొరాకో చేరతాయి. అక్కడి నుండి మార్గం ఈ విధంగా సాగుతుంది.

* మొరాకో: అట్లాస్ పర్వత ప్రాంతం, అగాదిర్ మీదుగా దక్షిణానికి.
* పశ్చిమ సహారా: లాయూన్, దాఖ్లా పట్టణాలు, తరువాత గర్గరాత్ సరిహద్దు.
* మారిటానియా: నువాదిబూ నుండి రాజధాని నువాక్‌షాట్ వరకు సుమారు 470 కిలోమీటర్లు.
* సెనెగల్: రోస్సో లేదా డియామా వద్ద సెనెగల్ నది దాటి సెయింట్ లూయీ మీదుగా.
* గాంబియా: బర్రా రేవు నుండి గాంబియా నది ముఖద్వారాన్ని పడవపై దాటి బంజుల్.

నువాదిబూ, నువాక్‌షాట్ మధ్య 2000 దశకం మధ్యలో తారు రోడ్డు వేశారు. అంతకు ముందు ఇసుక దిబ్బల మధ్య దారి వెదుక్కొని, చివరి 150 కిలోమీటర్ల పైచిలుకు సముద్రపు ఒడ్డునే ప్రయాణించవలసి వచ్చేది. ఆటు సమయంలో నీరు వెనుకకు తగ్గినపుడు తడి ఇసుక గట్టిపడి రోడ్డు వలె ఉంటుంది. పోటు వచ్చేలోగా ఆ భాగం దాటని వాహనం సముద్రం పాలయ్యే ప్రమాదమున్నది. ఈ తీరంలో కొంత భాగం యునెస్కో 1989లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన బాంక్ దార్గిన్ జాతీయ వనానికి చెందినది.

వాహనము సిద్ధం చేయడం

గాంబియాలో 1965 నుండి వాహనాలు రోడ్డుకు కుడి వైపున నడుస్తాయి. బ్రిటన్‌లో, భారతదేశంలో వలె, ఎడమ వైపున నడుస్తాయి. వేలంలో అమ్ముడుపోవాలంటే స్టీరింగు ఎడమ చేతి వైపున ఉన్న కారు కావాలి. అటువంటి కార్లు బ్రిటన్‌లో తక్కువ కాబట్టి ముందుగానే వెదకవలసి వచ్చేది.

ఎడారికి నాలుగు చక్రాలూ తిరిగే జీపు తప్పనిసరి అని సాధారణ అభిప్రాయం. కాని తారు రోడ్డు వచ్చిన తరువాత మామూలు కార్లే ఈ దారిలో ఎక్కువగా వెళ్ళాయి. కొత్త కారులోని ఎలక్ట్రానిక్ పరికరాలు చెడిపోతే ఎడారి పట్టణంలో బాగుచేయడం కష్టం. పాత కారును మాత్రం అక్కడి మెకానిక్కులు ఉన్న పనిముట్లతోనే నడిచేలా చేయగలరు. సాధారణంగా చేసే మార్పులు, వెంట తీసుకువెళ్ళే సామగ్రి ఇవి.

* ఇంజను అడుగున రాళ్ళ దెబ్బ తగలకుండా మందపాటి ఇనుప రేకు బిగించడం.
* స్ప్రింగులు మార్చి కారు ఎత్తు కొంత పెంచడం.
* రెండు స్టెప్నీ టైర్లు, జాకీ, జాకీ ఇసుకలో దిగబడకుండా కింద వేసే చెక్క పలక.
* పార, లాగడానికి మోకు, చక్రాల కింద పరిచే రేకులు.
* ఫ్యాను బెల్టు, రేడియేటరు గొట్టాలు, ఫ్యూజులు, ఇంజను ఆయిలు.
* పెట్రోలు క్యాన్లు. మారిటానియాలో బంకుల మధ్య దూరం ఎక్కువ, బంకు ఉన్నచోట కూడా పెట్రోలు లేకపోవచ్చును.
* మనిషికి రోజుకు కనీసం 5 లీటర్ల మంచినీరు, దానికి తోడు కొన్ని రోజుల అదనపు నిల్వ.

ఇసుకలో నడిపేటపుడు టైర్లలో గాలి బాగా తగ్గిస్తారు. గాలి తగ్గితే టైరు నేలపై వెడల్పుగా పరచుకొని ఇసుకలో కూరుకుపోదు. తిరిగి రోడ్డు ఎక్కగానే గాలి నింపకపోతే టైరు వేడెక్కి పేలుతుంది. అందుకే బ్యాటరీతో పనిచేసే చిన్న గాలి పంపు కూడా అవసరమే.

పత్రాలు, భీమా

సరిహద్దులలోను, దారిలోని చెక్‌పోస్టులలోను పోలీసులు యాత్రికుల వివరాలు నమోదు చేసుకుంటారు. పేరు, పాస్‌పోర్టు సంఖ్య, వృత్తి, కారు వివరాలు ఒకే కాగితంపై ఫ్రెంచి భాషలో ముద్రించి, పదుల సంఖ్యలో ప్రతులు వెంట ఉంచుకోవడం ఈ దారిలో ఆనవాయితీ. ప్రతి చెక్‌పోస్టులో ఒక ప్రతి ఇస్తే సరిపోతుంది. ఈ కాగితానికి మరొక ప్రయోజనమున్నది. ఒక కారు ఒక పోస్టు దాటి తరువాతి పోస్టుకు చేరలేదంటే అది ఏ రెండింటి మధ్య తప్పిపోయిందో దీనివలన తెలుస్తుంది.

వాహన భీమా ఒకే పత్రంతో జరగదు. ఐరోపా గ్రీన్ కార్డు మొరాకో వరకు చెల్లుతుంది. సెనెగల్, గాంబియాలలో పశ్చిమ ఆఫ్రికా దేశాల ఆర్థిక కూటమి వారి బ్రౌన్ కార్డు వర్తిస్తుంది. మారిటానియా 2000లో ఆ కూటమి నుండి వైదొలగినందున అక్కడ సరిహద్దు వద్ద వేరుగా భీమా తీసుకోవాలి. మారిటానియాలోకి మద్యం తీసుకురావడం నిషేధం, సరిహద్దులో కార్లను తనిఖీ చేస్తారు. సెనెగల్‌లో పాత కార్లను మధ్యలో అమ్మివేయకుండా ఆ దేశ కస్టమ్స్ సిబ్బంది పర్యవేక్షణలో గాంబియా సరిహద్దు వరకు బారుగా పంపేవారు. పసుపు జ్వరం టీకా ధ్రువపత్రం, మలేరియా నివారణ మాత్రలు కూడా యాత్రికులు సిద్ధం చేసుకునేవారు.

భద్రతా సమస్యలు

మందుపాతరలు: మొరాకో సరిహద్దు ఠాణాకు, మారిటానియా ఠాణాకు మధ్య 4 కిలోమీటర్ల లోపు మేర ఎవరి ఆధీనంలోనూ లేని నేల ఉండేది. యాత్రికులు దీనిని కాందహార్ అని పిలిచేవారు. దీని పరిసరాలలో పశ్చిమ సహారా యుద్ధకాలపు మందుపాతరలు ఉన్నాయి. అంతకు ముందు వెళ్ళిన వాహనాల చక్రాల జాడను వదలి పక్కకు తిరగరాదన్నది ఇక్కడి మొదటి నియమం. 1996 డకార్ ర్యాలీలో ఒక ట్రక్కు మందుపాతరపై వెళ్ళి డ్రైవరు మరణించాడు. 2020 అక్టోబరులో పోలిసారియో మద్దతుదారులు గర్గరాత్ రోడ్డును అడ్డగించారు. నవంబరు 13న మొరాకో సైన్యం ఆ ప్రాంతంలోకి ప్రవేశించింది. దానితో 1991 నాటి కాల్పుల విరమణ ముగిసినట్లు పోలిసారియో ప్రకటించింది. తరువాత మొరాకో ఈ భాగంలో రోడ్డు వేసింది.

అపహరణలు, హత్యలు: 2007 డిసెంబరు 24న మారిటానియాలోని అలెగ్ సమీపంలో రోడ్డు పక్కన ఆగిన నలుగురు ఫ్రెంచి యాత్రికులను సాయుధులు కాల్చి చంపారు. ఫ్రాన్సు ప్రభుత్వ హెచ్చరికల నేపథ్యంలో 2008 డకార్ ర్యాలీని ప్రారంభానికి ఒక రోజు ముందు, జనవరి 4న, రద్దు చేశారు. 2009లో ఆ ర్యాలీ దక్షిణ అమెరికాకు తరలిపోయింది. 2020 నుండి సౌదీ అరేబియాలో జరుగుతున్నది.

చిన్న యాత్రలకు ప్రచారం తక్కువ కాబట్టి వాటికి ప్రమాదం తక్కువ అన్న వాదన అప్పట్లో వినిపించేది. 2009 నవంబరు 29న జరిగిన సంఘటన ఆ వాదనలోని లోపాన్ని చూపింది. బార్సిలోనా నుండి సహాయ సామగ్రితో బయలుదేరిన ఒక వాహన శ్రేణిపై నువాదిబూ-నువాక్‌షాట్ రోడ్డులో దాడి జరిగింది. ఆ శ్రేణిలో చివర వస్తున్న వాహనంలోని ముగ్గురు స్పెయిన్ సేవకులను అల్ ఖైదా అనుబంధ ముఠా అపహరించింది. వారిలో ఒకరు 2010 మార్చిలో, మిగిలిన ఇద్దరు ఆగస్టులో విడుదలయ్యారు. ర్యాలీ కార్లు వెళ్ళే రోడ్డు అదే, వెళ్ళే పని కూడా దాదాపు అటువంటిదే. 2011 తరువాత మారిటానియాలో పెద్ద దాడులు అరుదైనాయి. పొరుగున ఉన్న మాలి మాత్రం 2012 నుండి అంతర్యుద్ధంలో చిక్కుకున్నది.

రాజకీయ సంక్షోభాలు: 2016 డిసెంబరు ఎన్నికలలో ఓడిపోయిన గాంబియా అధ్యక్షుడు యాహ్యా జమ్మే పదవి వీడడానికి నిరాకరించాడు. 2017 జనవరి 19న పొరుగు దేశాల సైన్యాలు గాంబియాలో ప్రవేశించాయి. జనవరి 21న అతడు దేశం విడిచి వెళ్ళాడు. ఆ రోజులలో వందలాది బ్రిటిష్ పర్యాటకులను విమానాలలో స్వదేశానికి తరలించారు. ఎడారి ప్రయాణానికి అనువైన చలికాలంలోనే ఈ సంక్షోభం రావడం గమనార్హం.

రోడ్డు ప్రమాదాలు: సాయుధ దాడుల కంటే యాత్రికులకు తరచుగా ఎదురయ్యే అపాయం రోడ్డుదే. రాత్రి వేళ దీపాలు లేని లారీలు, రోడ్డుపై నిలిచే ఒంటెలు, రోడ్డును కప్పివేసే ఇసుక ప్రమాదాలకు కారణమవుతాయి.

జాగ్రత్తలు

బ్రిటన్ విదేశాంగ శాఖ ప్రతి దేశానికి ప్రయాణ సూచనలు ప్రకటిస్తుంది. అసలు వెళ్ళకూడని ప్రాంతాలను పటంలో ఎరుపు రంగుతో గుర్తిస్తుంది. మారిటానియా తూర్పు, ఈశాన్య ప్రాంతాలు చాలాకాలంగా ఎరుపు భాగంలో ఉన్నాయి. ఈ సూచనకు చట్టపరమైన నిషేధం లేదు. కాని దానిని కాదని వెళ్ళినవారికి సాధారణ ప్రయాణ భీమా వర్తించదు. కాలు విరిగినా, అత్యవసరంగా విమానంలో తరలించవలసి వచ్చినా ఖర్చంతా కుటుంబంపై పడుతుంది. అందువలన బయలుదేరే ముందే కాక, ప్రతి సరిహద్దుకు ముందు కూడా సూచనలను తిరిగి చూడడం అవసరం.

అనుభవజ్ఞులు సాధారణంగా పాటించే పద్ధతులు ఇవి.

* సూర్యాస్తమయానికి ముందే పట్టణం చేరడం.
* రెండు, మూడు కార్లు కలసి, ఒకరికొకరు కనబడే దూరంలో నడపడం. చివరి కారు వెనుకబడితే మిగిలినవి ఆగాలి.
* ఏ రోజు ఎక్కడ ఉంటారో ఇంటివద్ద ఒకరికి మాత్రమే తెలిపి, ముందుగా బహిరంగంగా ప్రకటించకపోవడం.
* తారు రోడ్డు వదిలే చోట స్థానిక మార్గదర్శిని వెంట తీసుకువెళ్ళడం.
* సైనికులను, చెక్‌పోస్టులను ఫోటోలు తీయకపోవడం.
* దారి మూసుకుపోతే ఏ పట్టణం నుండి వెనుదిరగాలో ముందుగానే నిర్ణయించుకోవడం.

వీటిలో చివరిది ఆచరణలో అన్నిటికంటే కష్టమైనది. కారుకు డబ్బు పెట్టి, సెలవు తీసుకొని, స్నేహితుల వద్ద చందాలు వసూలు చేసినవారికి సగం దారిలో వెనుదిరగడం అవమానంగా తోచవచ్చును. ఆ నిర్ణయాన్ని ఇంటివద్ద, తొందర లేని సమయంలో, జోడీలో ఇద్దరూ కలసి వ్రాసి పెట్టుకుంటే దారిలో వాదన తగ్గుతుంది.

వేలం, విమర్శలు

బంజుల్ చేరిన కార్లను వేలం వేసి, వచ్చిన సొమ్మును గాంబియాలోని సేవా కార్యక్రమాలకు ఇచ్చేవారు. కొనేవారిలో టాక్సీ నడిపేవారు, చిన్న వ్యాపారులు ఉంటారు.

ఈ తరహా యాత్రలపై రెండు విమర్శలున్నాయి. యాత్ర ఖర్చును నేరుగా విరాళంగా ఇస్తే మేలు కదా అన్నది మొదటిది. కారు కూడా విరాళంలో భాగమేనని, యాత్ర లేకపోతే ఆ సొమ్ము అసలు పోగయ్యేదే కాదని సమర్థకుల సమాధానం. యాత్రికుడు చిక్కుల్లో పడితే అతనిని వెదకే సైనికులు, దారి చూపే మార్గదర్శి, విడుదలకు చర్చలు జరిపే ప్రభుత్వాలు కూడా ఆ అపాయంలో భాగస్వాములవుతారన్నది రెండవది. దీనికి పూర్తి సమాధానం లేదు. యాత్రికులు చేయగలిగినది ముందస్తు సన్నాహంతో ఆ భారాన్ని తగ్గించడం మాత్రమే.

ఇవి కూడా చూడండి

* డకార్ ర్యాలీ
* సహారా ఎడారి
* పశ్చిమ సహారా
* గాంబియా
* మారిటానియా