క్షయ చాటున కేన్సర్: తాడేపల్లిగూడెం ప్రాంతం నుంచి నిపుణ వైద్యానికి సాగిన దారి (1925–2023)

ఉపోద్ఘాతం

ఊపిరితిత్తుల కేన్సర్ రోగిని నిపుణుల వద్దకు పంపడంలో రెండు దశలున్నాయి. మొదటిది వ్యాధిని అనుమానించడం, రెండవది పెద్దాసుపత్రికి రాసి పంపడం. తాడేపల్లిగూడెం, ఏలూరు, కొల్లేటి పల్లెల వైద్యచరిత్రలో రెండవ దశ క్రమంగా మెరుగుపడింది. మొదటిది మాత్రం క్షయవ్యాధి చాటున నిలిచిపోయింది. ఈ అంతరాన్ని పరిశీలించడమే ప్రస్తుత వ్యాస లక్ష్యం.

పెద్దాసుపత్రి చిరునామా

1925లో ఏలూరు కేంద్రంగా ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. మద్రాసులో 1934లో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ, 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి కృషితో అడయారు కేన్సర్ సంస్థ వెలిశాయి. అడయారు సంస్థ తెరుచుకునే నాటికే ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది. 1955లో హైదరాబాదులో ప్రారంభమై, మెహదీ నవాజ్ జంగ్ పేరుతో ప్రసిద్ధమైన కేన్సర్ ఆసుపత్రి 1956 తరువాత ఈ జిల్లావాసులకు సొంత రాష్ట్రపు ఆసుపత్రి అయింది. 2014 విభజనతో అదీ పొరుగు రాష్ట్రానికి చెందింది. ఈ మధ్యకాలంలో, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం తెల్ల రేషన్ కార్డుదారులకు కేన్సర్ శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ ఖర్చును భరించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఆరోగ్యమిత్ర రోగికి ఆసుపత్రి దారి చూపాడు. పంపే పనికి తొలిసారి ఒక వ్యవస్థ ఏర్పడింది.

తెమడ పరీక్ష, ఎక్స్‌రే నీడ

దగ్గు, తెమడలో రక్తం, బరువు తగ్గడం రెండు వ్యాధులకూ ఉమ్మడి లక్షణాలు. 1962లో మొదలైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమం తెమడ పరీక్షను ఊరి ఆసుపత్రి దాకా తెచ్చింది. ఎందరో ప్రాణాలు దక్కించుకున్నారు. అయితే 1997లో సవరించిన కార్యక్రమంలోని ఒక నియమం కీలకమైనది. దాని ప్రకారం తెమడలో క్రిములు కనిపించకపోతే కొద్దిరోజులు యాంటీబయాటిక్స్ ఇవ్వాల్సి ఉండేది. దగ్గు తగ్గకుండా ఎక్స్‌రేలో క్షయను పోలిన నీడ కనిపిస్తే క్షయ మందులు మొదలుపెట్టే వీలుండేది. క్షయ విస్తారంగా ఉన్న దేశంలో ఇది సహేతుకమే. కానీ కేన్సర్ గడ్డ నీడ కూడా ఈ మార్గంలోనే ఇమిడిపోగలదు. అప్పుడు క్షయ మందులు వాడిన నెలలన్నీ గడ్డ పెరిగే నెలలవుతాయి. శస్త్రచికిత్సకు వీలున్న దశ ఆ వ్యవధిలోనే దాటిపోవచ్చు.

ముగింపు

2016 నాటి జాతీయ మార్గదర్శకాలు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్లకే సామూహిక పరీక్షలు నిర్దేశించాయి. ఊపిరితిత్తులు ఆ జాబితాలో లేవు. కాబట్టి అనుమానించే బాధ్యత ఇప్పటికీ స్థానిక వైద్యునిదే. 2023లో ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభం కావడంతో దూరం కొంత తగ్గింది. అయినా ఈ చరిత్ర చూపే నిర్ణాయక ఘట్టం ప్రయాణంలో లేదు. తెమడలో క్రిములు లేవని తేలిన రోజున, ఆ నీడ మరేదైనా కావచ్చునా అని వైద్యుడు ప్రశ్నించుకోవడంలో ఉంది. ఆ ప్రశ్న లేనిచోట దగ్గరి ఆసుపత్రి కూడా రోగికి దూరమే.