'లెస్', 'ఫ్యూయర్': ఒకరి అభిరుచి నియమంగా మారిన తీరు

ఇంగ్లీషు వాడుక గురించి మన అధ్యాపకులకూ విద్యార్థులకూ తరచూ వచ్చే సందేహాల్లో 'లెస్', 'ఫ్యూయర్'ల భేదం ఒకటి. లెక్కపెట్టగలిగిన వాటికి 'ఫ్యూయర్', లెక్కకందని రాశికి 'లెస్' అని పాఠ్యపుస్తకాల సూత్రం. దాని ప్రకారం 'లెస్ వాటర్' ఒప్పు, 'లెస్ బుక్స్' తప్పు. ఈ కట్టుబాటు భాషలోనే ఉన్నదా, తర్వాత వచ్చి చేరిందా అన్నది ఇక్కడి విచారణ.

చరిత్ర రెండో పక్షానికే బలమిస్తోంది. తొమ్మిదో శతాబ్దిలో ఆల్ఫ్రెడ్ రాజు పేరిట వెలసిన అనువాదాల్లోనే 'లెస్' పూర్వరూపం 'మాటలు' అనే బహువచనంతో కలిసి కనిపిస్తుంది. అప్పట్లో అది నామవాచకంలా నిలిచేది, దాని వెంట వచ్చే పదం షష్ఠీ బహువచనంలో ఉండేది. కాలక్రమంలో ఇంగ్లీషులో ఆ విభక్తి ప్రత్యయం రాలిపోయింది. దాంతో 'లెస్' నేరుగా బహువచన నామానికి విశేషణమై కూర్చుంది. అంటే ఈ ప్రయోగం అజ్ఞానంవల్ల పుట్టింది కాదు, భాషాపరిణామం ఇచ్చింది.

నిషేధానికి మూలం 1770లో వెలువడిన రాబర్ట్ బేకర్ పుస్తకం. సంఖ్యల విషయంలో 'లెస్' కన్నా 'ఫ్యూయర్' మేలని తనకు తోస్తోందని ఆయన రాశాడు. అది అభిప్రాయమే. తర్వాతివారు దాన్ని మినహాయింపు లేని సూత్రం చేశారు.

ఈ సూత్రం భాషా నిర్మాణానికీ పూర్తిగా ఒదగదు. 'మెనీ', 'మచ్'ల భేదం మన 'ఎన్ని', 'ఎంత'ల భేదం లాంటిదే. 'మచ్ బుక్స్' అని మాతృభాషగా ఇంగ్లీషు మాట్లాడేవారు అనరు. కానీ ఎక్కువను చెప్పే 'మోర్' రెండింటికీ ఒకటే. దానికి వ్యతిరేకమైన 'లెస్' మాత్రం ఎందుకు చీలాలి? 'లెస్ దాన్ ఫైవ్ మైల్స్' అనేటప్పుడు చాదస్తులు కూడా 'ఫ్యూయర్' వాడరు. మైళ్లు లెక్కకు వచ్చేవే అయినా అక్కడ మనసులో ఉన్నది ఒకే దూరం.

బ్రిటన్‌లో ఈ వివాదం దుకాణాల బిల్లు కౌంటర్లదాకా పాకింది. పది వస్తువులకు మించి కొననివారి వరుసలో పెట్టిన 'టెన్ ఐటమ్స్ ఆర్ లెస్' బోర్డుపై ఆక్షేపణలు రాగా, టెస్కో సంస్థ 2008లో 'అప్ టు టెన్ ఐటమ్స్' అని మార్చింది. వివాదాన్ని తేల్చలేదు, తప్పించుకుంది.

తెలుగు విద్యార్థికి ఈ విషయంలో న్యాయం జరగాలి. 'మచ్ బుక్స్' అని రాస్తే అది వ్యాకరణ దోషమే, దిద్దాలి. 'లెస్ బుక్స్' అని రాస్తే అది శైలికి సంబంధించిన మాట. పరీక్షల్లో, ఉద్యోగ దరఖాస్తుల్లో, పరిశోధన పత్రాల్లో 'ఫ్యూయర్' ఆశిస్తారు గనుక అది నేర్పవలసిందే. అయితే రాతలో పాటించే ఒక మర్యాద అని నేర్పాలి, భాషాధర్మం అని కాదు. ఈ రెండింటికీ ఒకే ఎర్రగీత గీసే పద్ధతిని మన అధ్యాపకులు విడిచిపెట్టాలి.